అసిస్టెడా, నాన్-అసిస్టెడా: కాంటెస్టుకు ముందే తేల్చుకోవడం ఎలా

లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో మన నల్లగొండ, పాలమూరు వైపు హ్యాములు (సరదా కోసం వైర్‌లెస్ రేడియో నడిపేవాళ్లు) యాంటెన్నా గురించి వంద ప్రశ్నలు అడుగుతారు, రిగ్ (రేడియో సెట్టు) గురించి యాభై అడుగుతారు, కేటగిరీ గురించి మాత్రం ఒక్కటీ అడగరు. కాంటెస్టంతా, అంటే ఎవరు ఎక్కువ స్టేషన్లతో మాట్లాడతారన్న పోటీ అంతా అయిపోయి, లాగ్ (మాట్లాడిన స్టేషన్ల చిట్టా) పంపే రోజు 'అసిస్టెడ్', 'నాన్-అసిస్టెడ్' అని రెండు మాటలు కనపడతాయి. "మనకెవరు సాయం చేశారు, ఒక్కణ్నే కూర్చున్నా కదా" అనుకుని నాన్-అసిస్టెడ్ మీద నొక్కి పంపేస్తారు. రెండు రోజులూ ల్యాప్‌టాప్ తెర మీద క్లస్టర్ స్పాట్లు (ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో వేరే హ్యాములు అందరికీ వేసే కబుర్లు) వచ్చి పడుతూనే ఉన్నా సరే.

చాలాసార్లు ఇది తెలియక చేసేదే. కానీ ఇంకోచోట ఒకడు క్లస్టర్ ఆపేసి, డయల్ తిప్పి తిప్పి, ఒక్కో స్టేషన్‌నూ చెవితోనే పట్టుకుని ఉంటాడు, రిజల్ట్స్ లిస్టులో వాడి పేరు మీ పేరు కింద పడుతుంది. తెలియక చేసినా నష్టం వాడికే. అందుకే కేటగిరీ ఎలా ఎంచుకోవాలో, ఎంచుకున్నాక దాని మీద ఎలా నిలబడాలో రాస్తున్నా. ఉదాహరణలు ఎక్కువగా సీక్యూ వరల్డ్‌వైడ్ అనే కాంటెస్టు నుంచే ఇస్తాను. అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో ఎస్‌ఎస్‌బీ (నోటి మాట), నవంబరు చివరి పూర్తి వారాంతంలో సీడబ్ల్యూ (మోర్స్). మన టైము ప్రకారం శనివారం పొద్దున 5:30కు మొదలై సోమవారం పొద్దున 5:29 దాకా, మొత్తం 48 గంటలు.

ముందు అసలు తేడా ఏంటో చూద్దాం

సింగిల్ ఆపరేటర్ అంటే వినేది, మాట్లాడేది, లాగ్ రాసేది అన్నీ ఒక్కరే. ఇది రెండు కేటగిరీల్లోనూ ఉంటుంది. గదిలో ఎంతమంది ఉన్నారన్నదానికీ అసిస్టెడ్‌కూ సంబంధం లేదు, అవతలి స్టేషన్ ఎక్కడుందో మీకెలా తెలిసింది అన్నదే ప్రశ్న. ఫలానా కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), లేదా ఫలానా మల్టిప్లయర్ (స్కోరును గుణించి పెంచే కొత్త దేశం లాంటిది), ఫలానా ఫ్రీక్వెన్సీ మీద ఉంది అన్న కబురు మీ చెవుల నుంచి కాకుండా వేరే ఎక్కడి నుంచి వచ్చినా అది అసిస్టెన్సే. మనిషి చెప్పినా మిషన్ చెప్పినా ఒకటే. ఏఆర్ఆర్ఎల్ (అమెరికా హ్యాముల సంఘం) వాళ్ల కాంటెస్టుల్లో దీన్నే 'సింగిల్ ఆపరేటర్ అన్‌లిమిటెడ్' అంటారు, పేరు మారింది కానీ సంగతి అదే.

1980ల నడుమ ప్యాకెట్ రేడియో (రేడియో మీదుగా కంప్యూటర్లు కబుర్లు పంపుకునే పద్ధతి) మీద ప్యాకెట్‌క్లస్టర్ వచ్చాక ఈ గొడవ గట్టిగా మొదలైంది. ఒకడు దొరకబట్టిన స్టేషన్ అందరి తెర మీదా కనపడటం మొదలైంది. తర్వాత అదే ఇంటర్నెట్ మీదికి వచ్చింది. 2008లో సీడబ్ల్యూ స్కిమ్మర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఇది ఒక్కసారే బ్యాండులో చాలా మోర్స్ సిగ్నళ్లు విని కాల్‌సైన్లు రాసిపెడుతుంది. అలాంటి స్కిమ్మర్లను దేశదేశాల్లో కలిపి కట్టిన రివర్స్ బీకన్ నెట్‌వర్క్ వల్ల ఇప్పుడు సీడబ్ల్యూలో మీరు సీక్యూ (ఎవరైనా జవాబివ్వండన్న పిలుపు) కొట్టిన కొద్ది సెకన్లకే మీ పేరు ప్రపంచమంతా తెలుస్తుంది, మనిషి చెయ్యి పడాల్సిన పనే లేదు.

క్లస్టర్ పెట్టుకున్నవాడికి పని సగం తగ్గింది. కొత్త దేశం ఎక్కడుందో తెర చెబుతుంది, మౌస్ నొక్కితే రిగ్ అక్కడికి పోతుంది. నాన్-అసిస్టెడ్ వాడు అంగడిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి ఎవరి దగ్గర ఏముందో చూసుకున్నట్టు బ్యాండంతా తిరగాలి. ఈ ఇద్దరినీ ఒకే లిస్టులో పెడితే అన్యాయమని వేర్వేరు చేశారు.

ఇప్పుడు కొందరు మళ్లీ కలిపేయమంటున్నారు. నాన్-అసిస్టెడ్ అని చెప్పుకుని చాటుగా క్లస్టర్ చూసేవాణ్ని ఎవడు పట్టుకుంటాడు, నిజాయితీగా ఆడేవాడే నష్టపోతున్నాడు కదా అని వాళ్ల వాదన. జర్మనీ హ్యాముల సంఘం డీఏఆర్‌సీ వాళ్లు నడిపే డబ్ల్యూఏఈ కాంటెస్టులో సింగిల్ ఆపరేటర్లు కూడా క్లస్టర్ వాడొచ్చు, ఆకాశమేమీ విరిగిపడలేదు. ఆ వాదనలో బలం లేదనను. కానీ దొంగలున్నారని ఇంటికి తలుపే తీసేస్తామా? చెవితో వెతకడం ఒక విద్య, దానికంటూ ఒక లిస్టు ఉండాలనేవాళ్లలో నేనొకణ్ని.

ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు

నాన్-అసిస్టెడ్‌లో దిగినప్పుడు మనవాళ్లకు వచ్చే అనుమానాలు చాలావరకు ఒక్క ప్రశ్నతో తీరిపోతాయి: ఇది నాకు కాల్‌సైన్‌నూ ఫ్రీక్వెన్సీనీ కలిపి చెబుతోందా?

రిగ్ మీద వాటర్‌ఫాల్, స్పెక్ట్రమ్ స్కోప్ ఉందనుకోండి. అక్కడ సిగ్నల్ ఉంది అని గీత కనపడుతుంది, అది ఎవరిదో చెప్పదు. చూడొచ్చు. సూపర్ చెక్ పార్షియల్ ఫైలు, అంటే మీరు సగం కాల్ టైపు చేస్తే మిగతా సగం ఏమై ఉండొచ్చో చూపించే లిస్టు, అది ఫ్రీక్వెన్సీ చెప్పదు కాబట్టి వాడొచ్చు. కానీ దాన్ని నమ్మి చెవికి వినపడని అక్షరాన్ని రాసేయకండి. సూర్యుడి ఫ్లక్స్, కే ఇండెక్స్ లాంటి ప్రాపగేషన్ (సిగ్నల్ ఎంత దూరం పోతుందన్న) లెక్కలు చూడొచ్చు. బ్యాండ్ మ్యాప్ (ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎవరున్నారో తెర మీద చూపే పట్టీ) కూడా వాడొచ్చు, కాకపోతే అందులో ఉన్న ప్రతి కాల్‌సైనూ మీరు స్వయంగా విని పెట్టిందే అయి ఉండాలి.

ఇక కూడనివి. క్లస్టర్, రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అందరికీ తెలిసినవే. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఇంటర్నెట్ లేకుండా మీ ఇంట్లోనే, మీ యాంటెన్నాకే ఒక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిసీవర్) తగిలించి స్కిమ్మర్ నడిపినా అది అసిస్టెన్సే. "నా యాంటెన్నా, నా కంప్యూటరు, ఇందులో బయటివాడెవడు" అంటే కుదరదు, బ్యాండంతా విని కాల్‌సైన్లు తీసింది మీ చెవి కాదు కదా. మీరు ట్యూన్ చేసిన ఒక్క సిగ్నల్‌నే అక్షరాలుగా మార్చే చిన్న డీకోడర్ల మీద మాత్రం ఒక్కో కాంటెస్టు ఒక్కో మాట చెబుతుంది. ఏఆర్ఆర్ఎల్ రూల్సు ఒకేసారి చాలా సిగ్నళ్లను చదివే డీకోడర్లను అసిస్టెన్స్ కింద లెక్కేస్తాయి. మీరు ఆడబోయే కాంటెస్టు ఆ ఏడాది రూల్సు ఒకసారి చదువుకోండి, ఇవి ఏటా ఎక్కడో ఒకచోట మారుతుంటాయి, పోయినేడు చదివింది ఈ ఏడు పనికిరాదు.

మీ సిగ్నల్ ఎక్కడిదాకా పోతోందో చూసుకోవడానికి రివర్స్ బీకన్ వెబ్‌సైటు తెరిచే అలవాటుంటే అది కాంటెస్టుకు ముందు రోజు చేసుకోండి. నడుమలో తెరిస్తే మీ పేరు ఒక్కటే కనపడదు, పక్కన ఇంకో నలుగురి కాల్‌సైన్లు, ఫ్రీక్వెన్సీలు కూడా కనపడతాయి. చూశాక చూడలేదని ఎట్లా అంటారు?

వాట్సాప్ సంగతి

మన దగ్గర అసలు చిక్కు క్లస్టర్ కంటే ఇదే. హ్యాముల గ్రూపులు, ఊరి గ్రూపులు, హైదరాబాద్ దోస్తుల గ్రూపులు, కాంటెస్టు రోజు అన్నీ మోగుతూనే ఉంటాయి. శనివారం సాయంత్రం మీరు 15 మీటర్ల బ్యాండు మీద యూరప్‌ను పిలుస్తుంటారు, టేబుల్ మీద ఫోను వెలుగుతుంది: "అన్నా, మాల్దీవ్స్ వచ్చిండు, 21.285, జల్ది పో." పంపినవాడు ప్రేమతోనే పంపాడు. కానీ ఆ ఒక్క వాక్యంలో దేశమూ ఉంది, ఫ్రీక్వెన్సీ కూడా ఉంది. మీరు డయల్ అటు తిప్పి ఆ స్టేషన్‌తో మాట్లాడితే ఆ క్షణం నుంచి మీరు అసిస్టెడ్. ఒక్క స్టేషనే కదా అంటే, లాగ్ మొత్తానికీ అదే వర్తిస్తుంది.

ఫ్రీక్వెన్సీ లేకుండా "15 మీద మాల్దీవ్స్ ఉన్నడు" అని వస్తే? రూల్‌లోని మాటలు పట్టుకుని వాదించుకునేవాళ్లున్నారు. నా మటుకు నేను అదీ అసిస్టెన్సే అంటాను, ఎందుకంటే అది చదివాక మీరు 15 మీటర్లను తిప్పే తీరు మారిపోతుంది. "10 మీటర్లు ఓపెన్ అయ్యింది" అన్న కబురు అంత బలమైనది కాదు, అయినా రెండు రోజుల పాటు ఒకడు మీకు బ్యాండ్లు ఎప్పుడు తెరుచుకుంటున్నాయో చెబుతూ కూర్చుంటే అది ఒక్కడి ఆట ఎట్లా అవుతుంది?

కాబట్టి శుక్రవారం రాత్రే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: "రేపు పొద్దున 5:30 నుంచి సోమవారం పొద్దున దాక నేను నాన్-అసిస్టెడ్. గ్రూపు మ్యూట్‌లో పెడుతున్న, స్పాట్లు పంపకుండ్రి, ఏమీ అనుకోకుండ్రి." మ్యూట్ చేస్తే సరిపోదు, నోటిఫికేషన్ తెర మీద కనపడకుండా కూడా ఆపాలి. అన్నిటికంటే తేలిక, ఆ ఫోను ఇంట్లోవాళ్లకిచ్చి ఎవరైనా చావుబతుకుల పని మీద చేస్తే తప్ప ఇటు తేవద్దని చెప్పడం. అప్పటికీ పొరపాటున ఒక స్పాట్ కంటబడితే రెండే దారులు: ఆ స్టేషన్‌ను ఆ బ్యాండు మీద వదిలేయడం, లేదా అసిస్టెడ్‌కు మారిపోవడం. "కాసేపాగి నేనే తిరుగుతూ తిరుగుతూ దొరకబట్టినట్టు పోతా" అనే మూడో దారి మీరూ నేనూ అందరం ఆలోచించేదే, అది దారి కాదు.

నాన్-అసిస్టెడ్ నుంచి అసిస్టెడ్‌కు ఏ నిమిషంలోనైనా మారొచ్చు. అటు నుంచి ఇటు మాత్రం రాలేరు. ఆదివారం మధ్యాహ్నం ఇంటర్నెట్ పోయినా, అచ్చంపేట అవతల నల్లమల అంచున సిగ్నలే రాని ఊళ్లో కూర్చున్నా, అంతకు ముందు క్లస్టర్ వాడి ఉంటే మీరు అసిస్టెడే.

మనకు ఏది కలిసొస్తుంది

ఇక్కడ కాస్త లెక్క చూడాలి, ఎందుకంటే "క్లస్టర్ ఉంటే స్కోరు పెరుగుతుంది" అన్నది అందరి విషయంలోనూ నిజం కాదు.

సీక్యూ వరల్డ్‌వైడ్‌లో మన నుంచి వేరే ఖండంతో మాట్లాడితే 3 పాయింట్లు. ఆసియాలో వేరే దేశమైతే 1. ఇండియా వాళ్లతో మాట్లాడితే సున్నా, కాకపోతే మల్టిప్లయర్‌గా లెక్కకొస్తుంది. ప్రతి బ్యాండు మీదా ఒక్కో కొత్త దేశం, ఒక్కో కొత్త జోన్ (కాంటెస్టు కోసం ప్రపంచాన్ని పంచిన భాగం) మల్టిప్లయర్. మొత్తం పాయింట్లను మొత్తం మల్టిప్లయర్లతో గుణిస్తే స్కోరు.

మీ దగ్గర 600 పాయింట్లు, 100 మల్టిప్లయర్లు ఉన్నాయనుకుందాం. స్కోరు 60,000. ఇప్పుడు ఇంకో మామూలు యూరప్ స్టేషన్ దొరికితే 603 ఇంటూ 100, అంటే 60,300. అదే యూరప్ స్టేషన్ కొత్త దేశమైతే 603 ఇంటూ 101, అంటే 60,903. కొత్త మల్టిప్లయర్ మూడు మామూలు క్యూఎస్‌ఓల (కాంటాక్టుల) పెట్టు అన్నమాట. అందుకే స్పాట్ కనపడితే చెయ్యి ఆగదు.

కానీ ఆ స్పాట్ మీకొక్కరికే కనపడలేదు. అది తెర మీద పడిన మరుక్షణం యూరప్‌లో టవర్ల మీద పెద్ద బీము యాంటెన్నాలు, కిలోవాట్ ఆంప్లిఫయర్లు పెట్టుకున్నవాళ్లంతా అక్కడే పడతారు. మన దగ్గర రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు వాళ్లకు హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్ బ్యాండుల్లో) 50 వాట్ల పరిమితి, జనరల్ గ్రేడ్‌కు 400. డాబా మీది నుంచి వేపచెట్టుకు కట్టిన డైపోల్ యాంటెన్నాతో 50 వాట్లు పెట్టి ఆ గుంపులో పిలిస్తే పది నిమిషాలు పోతాయి, దొరుకుతుందన్న గ్యారంటీ కూడా లేదు. ఆ పది నిమిషాల్లో మీరు మీ ఫ్రీక్వెన్సీ మీద సీక్యూ పిలుస్తూ గంటకు 20 చొప్పున యూరప్‌ను లాగ్ చేస్తున్నా మూడు క్యూఎస్‌ఓలు వస్తాయి, అది 60,900. దాదాపు సమానం. గంటకు 60 వస్తున్నాయనుకోండి, పది క్యూఎస్‌ఓలు, 63,000. మల్టిప్లయర్ కోసం పరుగెత్తినవాడు ఓడిపోయాడు.

పైగా మనకో అదృష్టముంది. ఇండియా సీక్యూ జోన్ 22లో ఉంది. శ్రీలంక, మాల్దీవులు, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మన లక్షద్వీప్ కూడా ఇదే జోన్. బయటివాళ్లకు ఈ జోన్ నుంచి దొరికే స్టేషన్లు తక్కువ. వీయూ2, వీయూ3 అని మొదలయ్యే మన కాల్ వినపడితే వాళ్లే మీ దగ్గరికొస్తారు. ఎవరో ఒకరు మిమ్మల్ని క్లస్టర్‌లో వేస్తారు, అంతే, మీ ముందు పైలప్ (పిలిచేవాళ్ల గుంపు). నాన్-అసిస్టెడ్‌లో ఉండి ఇలా వేరేవాళ్ల స్పాట్ల వల్ల లాభపడటం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. స్పాట్ చూసింది వాళ్లు, అసిస్టెన్స్ వాళ్లది, మీకు వాళ్ల కాల్ చెవితోనే వినపడింది. ఇందులో పూర్తి న్యాయం ఉందంటే ఒప్పుకోను, అరుదైన చోట కూర్చున్నవాడికి క్లస్టర్ లేకుండానే క్లస్టర్ లాభం వస్తుంది, ఇటలీలో కూర్చున్న నాన్-అసిస్టెడ్ వాడికి ఆ సుఖం లేదు. అయినా రూల్ అదే, దేశాన్ని బట్టి వేరే కొలబద్ద పెట్టడం ఎవరి తరమూ కాదు.

అందుకే మన వైపు వైరు యాంటెన్నా, 50 లేదా 100 వాట్లతో దిగేవాళ్లకు నా సలహా నాన్-అసిస్టెడ్, లో పవర్. 100 వాట్ల దాకా లో పవరే. 5 వాట్లు, అంతకంటే తక్కువైతే క్యూఆర్‌పీ. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ రకం రిగ్‌లు కట్టుకున్నవాళ్లు మీటరు పెట్టి చూసుకోండి. 7 వాట్లు వస్తుంటే క్యూఆర్‌పీ కాదు, తగ్గించుకోండి లేదా లో పవర్‌లో దిగండి. 48 గంటలు కూర్చోలేని ఉద్యోగస్తులకు, పత్తి ఏరే రోజుల్లో కూలీలను వదిలి రాలేని రైతులకు 'క్లాసిక్' అని ఒక ఓవర్‌లే (కేటగిరీతో పాటు చేరే అదనపు విభాగం) ఉంది: ఒకే రిగ్, అసిస్టెన్స్ లేదు, 24 గంటలే లెక్క. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు. అసిస్టెడ్ వాళ్లకు ఇందులో చోటు లేదు.

మరి అసిస్టెడ్ ఎవరికి? టవరు, బీము, మంచి పవరు ఉండి మల్టిప్లయర్ల వేటే ఇష్టమైనవాళ్లకు. కొత్తగా వచ్చి, బ్యాండు మీద ఎవరు ఏం మాట్లాడుతున్నారో ఇంకా చెవికి అలవాటు కానివాళ్లకు కూడా. మొదటి ఒకట్రెండు కాంటెస్టులు క్లస్టర్ పెట్టుకుని అసిస్టెడ్‌లో ఆడితే ఏ దేశం ప్రిఫిక్స్ ఏమిటో, ఏ టైముకు ఎటు వైపు తెరుచుకుంటుందో తొందరగా అర్థమవుతుంది. అది తక్కువ కేటగిరీ ఏమీ కాదు, సిగ్గుపడాల్సింది అంతకంటే లేదు.

శుక్రవారం రాత్రి పనులు

నాన్-అసిస్టెడ్ అనుకుంటే: కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచేయండి, సూపర్ చెక్ ఫైలు, దేశాల ఫైలు కొత్తవి దించుకోండి, ఆ తర్వాత వైఫై ఆపేయండి. ఎన్1ఎంఎం లాగర్ లాంటి ప్రోగ్రాంలో కొత్త లాగ్ మొదలుపెట్టేటప్పుడే ఆపరేటర్, పవర్, అసిస్టెడ్ అని గడులు ఉంటాయి, అక్కడే నాన్-అసిస్టెడ్ అని పెట్టండి. టెల్‌నెట్ విండో (క్లస్టర్‌కు కలిపేది) తనంతట తానే కనెక్ట్ అయ్యేలా గతంలో పెట్టి ఉంటే ఆ టిక్కు తీసేయండి, చాలామందిని ముంచేది ఇదే. బ్యాండ్ మ్యాప్‌లో పాత స్పాట్లు మిగిలి ఉంటే చెరిపేయండి.

శనివారం పొద్దున 15, 10 మీటర్ల మీద తూర్పు వైపు బాగుంటుంది. జపాన్ వాళ్లు దండిగా దొరుకుతారు కానీ 1 పాయింటే, అటే ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు దొరికితే 3. మధ్యాహ్నం నుంచి యూరప్, సాయంత్రం 20 మీటర్లు, చీకటి పడ్డాక 40. సూర్యుడి దయను బట్టి ఇటూ అటూ అవుతుంది. ఇప్పుడు వెతికే పద్ధతి. బ్యాండు కింది చివర నుంచి మొదలుపెట్టి పైకి మాత్రమే పోండి, ఇటు కాస్త అటు కాస్త తిప్పితే ఏదీ పూర్తి కాదు. ఒక స్టేషన్ దగ్గర గుంపు ఎక్కువుంటే రెండు మూడు సార్లు పిలవండి, దొరక్కపోతే కాల్‌సైన్ బ్యాండ్ మ్యాప్‌లో పెట్టి ముందుకు పోండి, ఇరవై నిమిషాల తర్వాత తిరిగి రండి. గుంపు పల్చబడుతుంది. ఎవరూ స్పాట్ చేయని స్టేషన్లు మీకు ఇక్కడే దొరుకుతాయి, ఒంటరిగా సీక్యూ పిలుస్తూ, మీ 50 వాట్లకు మొదటి పిలుపుకే జవాబిస్తూ. అసిస్టెడ్ వాడు తెర మీద లేనిదాన్ని వినడు, మీరు వింటారు.

పైకి చేరాక ఖాళీ ఫ్రీక్వెన్సీ చూసుకుని "ఈజ్ దిస్ ఫ్రీక్వెన్సీ ఇన్ యూజ్" అని అడిగి మీరే సీక్యూ పిలవండి. రేటు పడిపోతే మళ్లీ కింది నుంచి.

రొద గురించి ఒక మాట. బోరు మోటార్ల స్టార్టర్లు, చవక ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, మిర్యాలగూడ వైపైతే రైసు మిల్లులు, వీటి మధ్య చెవితో వెతకడం కష్టమే. రిగ్‌ను బ్యాటరీ మీద నడిపే ఏర్పాటు పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు ఊరంతా తిట్టుకుంటుంది, హ్యాము మాత్రం ఎస్-మీటరు మీద రొద కిందికి దిగడం చూసి మురిసిపోతాడు.

అసిస్టెడ్ అనుకుంటే: క్లస్టర్ కలపండి, ఫిల్టర్ పెట్టండి. ఉత్తర అమెరికావాళ్లు వేసిన స్పాట్లు మన దగ్గర వినపడే అవకాశం తక్కువ, ఆసియా, యూరప్ నుంచి వచ్చినవే ఉంచుకోండి, లేకపోతే వినపడని స్టేషన్ల వెంట తిరగడంతోనే రోజు గడిచిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, స్పాట్‌లో ఉన్న కాల్‌సైన్‌ను అలాగే లాగ్ చేయకండి. మోర్స్‌లో హెచ్ నాలుగు చుక్కలు, 5 అయిదు చుక్కలు. బీ ఒక గీత మూడు చుక్కలు, 6 ఒక గీత నాలుగు చుక్కలు. వేగంలో ఒక చుక్క మింగేస్తే మనిషైనా మిషనైనా తప్పే రాస్తాడు, ఆ తప్పును వందమంది నమ్మి లాగ్ చేస్తారు. అవతలివాడు తన కాల్ చెప్పేదాకా ఆగి మీ చెవితో వినండి. తప్పు కాల్ లాగ్‌లో ఉంటే ఆ క్యూఎస్‌ఓ పోవడమే కాదు, పెనాల్టీ కూడా పడుతుంది.

అసిస్టెడ్ అంటే అన్నీ చెల్లుతాయని కాదు. సీక్యూ వరల్డ్‌వైడ్‌లో మిమ్మల్ని మీరే స్పాట్ చేసుకోకూడదు, "తమ్మీ, నన్ను ఒకసారి క్లస్టర్‌లో వెయ్యి" అని ఇంకొకరిని అడగకూడదు. వేరే దేశంలో ఉన్న ఆన్‌లైన్ రిసీవర్ తెరిచి వినడం సింగిల్ ఆపరేటర్ కేటగిరీల్లో ఎక్కడా కుదరదు. మీ రిసీవర్లు, ట్రాన్స్‌మిటర్లు అన్నీ 500 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తంలోనో, మీ స్థలం హద్దుల్లోనో ఉండాలి. వినపడని కాల్‌ను ఫోన్ చేసి కనుక్కోవడం, కాంటెస్టు అయ్యాక డేటాబేసులు చూసి కాల్‌సైన్లు దిద్దుకోవడం కూడా అంతే.

పట్టుకుంటారా?

పట్టుకుంటారు, అనుకున్నదానికంటే తేలిగ్గా. క్లస్టర్‌లో ఏ నిమిషంలో ఏ స్పాట్ పడిందో అంతా నిలవ ఉంటుంది. మీ లాగ్‌లో కొత్త మల్టిప్లయర్లన్నీ స్పాట్ పడిన ఒకటి రెండు నిమిషాల్లోనే వచ్చి ఉంటే, 20 మీటర్ల మీద రన్ చేస్తూ చేస్తూ (ఒకేచోట సీక్యూ పిలుస్తూ) ఉన్నట్టుండి 10కి దూకి సరిగ్గా ఒక అరుదైన స్టేషన్‌నే లాగ్ చేసి మళ్లీ వెనక్కొచ్చి ఉంటే, అది ఒకసారి జరిగితే అదృష్టం, ముప్పైసార్లు జరిగితే కమిటీకి చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇందాక చెప్పిన హెచ్-5 తప్పులు. క్లస్టర్‌లో పడ్డ తప్పు కాల్ మీ నాన్-అసిస్టెడ్ లాగ్‌లో అదే తప్పుతో, అదే నిమిషంలో ఉంటే ఏం చెబుతారు? కమిటీ మిమ్మల్ని అసిస్టెడ్ లిస్టులోకి మార్చొచ్చు, డిస్‌క్వాలిఫై కూడా చేయొచ్చు. సీక్యూ వరల్డ్‌వైడ్‌లో ప్రపంచంలోనో, ఖండంలోనో మొదటి 5 స్థానాల కోసం పోటీపడే సింగిల్ ఆపరేటర్లు తాము విన్న, పంపిన ఆడియో అంతా రికార్డు చేసి పెట్టుకోవాలి, అడిగితే ఇవ్వాలి. ఆసియాలో క్యూఆర్‌పీ లాంటి చిన్న కేటగిరీల్లో మొదటి 5 మనవాళ్లకు అందనంత దూరమేమీ కాదు, కాబట్టి రికార్డింగ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

లాగ్ పంపడం

కాంటెస్టు ముగిశాక అయిదు రోజుల్లో పంపాలి. లాగ్ 'కాబ్రిల్లో' అనే ఫార్మాటు ఫైలుగా తయారవుతుంది, దాని పైభాగంలో కేటగిరీ గురించి వరసగా కొన్ని లైన్లు ఉంటాయి: ఆపరేటర్, బ్యాండు, పవర్, మోడ్, అసిస్టెడ్. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ లైన్లు ఒక్కొక్కటే చదవండి. పోయినసారి కాంటెస్టు సెట్టింగ్ అలాగే మిగిలిపోయి లో పవర్ బదులు హై పవర్ అనో, నాన్-అసిస్టెడ్ బదులు అసిస్టెడ్ అనో ఉండటం మామూలే. క్యూఎస్‌ఓ లైన్ల జోలికి మాత్రం పోకండి.

అప్‌లోడ్ చేశాక రసీదు మెయిల్ వస్తుంది, అందులో మిమ్మల్ని ఏ కేటగిరీలో తీసుకున్నారో రాసి ఉంటుంది. తప్పుంటే గడువులోపు దిద్దిన ఫైలు మళ్లీ పంపండి, చివరగా అందినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.